జిగురు గట్టిగా ఉండకూడదు: చుట్టపటాల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో జపాన్ వాళ్ళు గోడకి వేలాడదీసే చుట్టపటాల గురించి నాలుగు ముక్కలు రాసాను కదా, వాటిని కకెజికు అంటారని, బొమ్మకి వెనక కాగితాలు వేసి చుట్టూ పట్టు అంచులు కట్టి కిందా పైనా కర్రలు పెట్టే పనివాళ్ళని హ్యోగుషి అంటారని, నేను క్యోటోలో అలాంటి ఒక షాపులో రెండేళ్ళు కుంచెలు కడిగి కడిగి కొంచెం పని నేర్చుకున్నానని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదండి. "చుట్ట" అనగానే పొగాకు అనుకుని చదివాం అని ఇద్దరు రాసారు, వాళ్ళకి సారీ. మిగతావాటిలో కొన్నిటికి ఇక్కడ చెప్తున్నా.

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తాడు. క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో ఒక పాత పటం కొనుక్కొచ్చాడు, వెదురు కొమ్మ మీద పిచ్చుక బొమ్మ. హాల్లో తగిలిస్తే అంచులు రెండువైపులా లోపలికి ముడుచుకుంటున్నాయి, మధ్యలో అడ్డంగా అలలు అలలుగా ఉంది. మా వీధి చివర ఫ్రేములు కట్టే అతను ఫెవికాల్ రాసి ప్లైవుడ్‌కి అంటించేసి అద్దం వేసేస్తా, జన్మలో ముడత పడదు అంటున్నాడు. చేయించెయ్యమంటారా? పోనీ ఇస్త్రీ చేస్తే పోతుందా? (విజయవాడ)

జవాబు: రెండూ వద్దండీ. ఆయన అబద్ధమేం చెప్పట్లేదు, నిజంగానే జన్మలో ముడత పడదు, కానీ జన్మలో ఊడి కూడా రాదు, గొడవంతా అక్కడే ఉంది. ఈ పటాలు కట్టేవాళ్ళ పద్ధతి మనకి తెలిసిన దానికి పూర్తిగా తలకిందులు. మనం ఏదన్నా అంటిస్తే అది ఊడకూడదు అనుకుంటాం కదా, వాళ్ళు అంటించేటప్పుడే దీన్ని ఇంకో వందేళ్ళకి ఎవడో ఒకడు ఊడదీస్తాడు, వాడికి కష్టం కాకూడదు అని లెక్కేసుకుని అంటిస్తారు. ఎందుకంటే వెనక కాగితాలు పాడవుతాయి, పట్టు చీకిపోతుంది, పురుగు పడుతుంది, అప్పుడు బొమ్మ ఒక్కటీ జాగ్రత్తగా విడదీసి మిగతాదంతా కొత్తగా కట్టాలి. ఇవాళ మ్యూజియాల్లో మనం చూసే పాత పటాలు చాలావరకు అలా రెండు మూడు సార్లు బట్టలు మార్చుకున్నవే.

అందుకని వాళ్ళు వాడేది గోధుమ జిగురు. గోధుమపిండి అనగానే మన సినిమా పోస్టర్ల మైదా అనుకోకండి, అందులో మైదా మొత్తం ఉడకబెట్టి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది గోడని పట్టుకుందంటే గోడతోనే రావాలి. వీళ్ళేమో పిండిని నీళ్ళల్లో పిసికి సాగే జిగటంతా తీసేసి, అడుక్కి దిగిన తెల్లటి పిండిని మాత్రం ఉడికిస్తారు. ఇది మామూలు జిగురు, తాజాది. దీనికన్నా అసలు విషయం పాత జిగురు, ఫురునోరి అంటారు. ఏటా జనవరి 20 ఆ ప్రాంతాల్లో, వాళ్ళ లెక్కలో చలి బాగా ముదిరే రోజులవి, మనకి సంక్రాంతి వెళ్ళిన వారం అనుకోండి, అప్పుడు పెద్ద మొత్తంలో జిగురు ఉడికించి జాడీల్లో పోసి పైన నీళ్ళు పోసి మూతపెట్టి ఇంటి నేల కింద చల్లగా చీకటిగా ఉన్నచోట దాస్తారు. ఏడాదికోసారి తీసి పైన పట్టిన బూజు తీసేసి నీళ్ళు మార్చి మళ్ళీ పెట్టెయ్యడమే. అలా పదేళ్ళు. మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ దగ్గరకి పిల్లల్ని రానివ్వరు చూడండి, అక్కడ ఈ జాడీల దగ్గరకి నన్ను మొదటి ఏడాది రానివ్వలేదు. చివరికి మూత తీసి చూపించినప్పుడు పులిసిన గంజి వాసన, తెల్లగా మెత్తగా వెన్నలా ఉంది, వేలితో ముట్టుకుంటే అసలు బంకే తగల్లేదు. ఇది పాడైపోయిందేమో అని నోరుజారి అన్నాను కూడా. పాడవ్వాలనే అన్నేళ్ళు ఉంచుతారట, పులిసి పులిసి దాని పట్టు తగ్గిపోతుంది, ఆరినాక బిగుసుకుపోదు, కాగితం మెత్తగా చుట్టుకుంటుంది, మళ్ళీ తడిపితే మాట వినేసి వదిలేస్తుంది.

ఇప్పుడు మీ పటం సంగతి. ఇస్త్రీ వద్దన్నది ఎందుకంటే రంగులు జంతువుల జిగురుతో కలిపినవి, వేడికీ ఆవిరికీ ఏమవుతాయో చెప్పలేం, పైగా చవకరకం పటాలు కొన్ని వేడికి కరిగే జిగురుతో మెషీన్ మీద కట్టినవి ఉంటాయి, వాటికి ఇస్త్రీ తగిలితే ఇంక ఎవరూ బాగుచెయ్యలేరు. ముందు ఫ్యానుకీ ఏసీకీ దూరంగా ఒక నాలుగైదు రోజులు ఊరికే వేలాడనివ్వండి, పెట్టెలో ఏళ్ళ తరబడి బిగుతుగా చుట్టి ఉన్నది కదా, కొన్ని అలలు వాటంతట అవే సర్దుకుంటాయి. కింద కర్ర చివర్లకి తగిలించే చిన్న చిన్న బరువులుంటాయి, ఫూచిన్ అంటారు, అవి కొంచెం సాయం చేస్తాయి, అలాగని ఇంట్లో ఉన్న తూకపు రాళ్ళు కట్టెయ్యకండి. అప్పటికీ పోకపోతే దాన్ని విప్పి మళ్ళీ కట్టించడమే దారి, అబ్బాయి అక్కడే ఉన్నాడు కాబట్టి ఈసారి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి చూపించమనండి, కాకపోతే సంతలో కొన్న ధరకి పదిరెట్లు కట్టుబడికి అడిగినా ఆశ్చర్యపోవద్దని ముందే చెప్పండి. అద్దం వేసే తీరాలనుంటే మాత్రం ఫ్రేమతన్ని లోతుగా పెట్టెలాగ చెయ్యమని, పటం అందులో ఊరికే వేలాడేలా, ఎక్కడా జిగురు తగలకుండా చెయ్యమని అడగండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో చూసాను, వెనక కాగితం మీద కాగితం వేస్తూనే ఉన్నారు. ఒక మందపాటి కాగితం వేస్తే సరిపోదా? ఎన్ని వేస్తారు? ఒక పటానికి నెలలెందుకు పడుతుంది? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మామూలుగా మూడు, ఒక్కోసారి నాలుగు. మందం ఒక్కటి వేస్తే అట్టముక్క అవుతుంది, అట్టముక్కని చుట్టలేం, చుడితే విరుగుతుంది, అంతే. పల్చటివి మూడు వేస్తే బలం వస్తుంది, వంగుతుంది కూడా, కాటన్ చీరని ఎన్ని మడతలు పెట్టినా మెత్తగానే ఉంటుంది చూడండి అలా.

బొమ్మకి నేరుగా తగిలే మొదటి కాగితం మినో కాగితం, గిఫు వైపు తయారవుతుంది, బాగా పల్చన కానీ లాగితే తెగదు. దాంట్లో మేలురకం తయారీని 2014లో యునెస్కో జాబితాలో కూడా పెట్టారు. దీన్ని తాజా జిగురుతోనే వేస్తారు, ఎందుకంటే బొమ్మకి ఆసరా ఇదే. రెండోది మిసు, ఇది నారా దగ్గర యోషినోలో చేస్తారు, గవ్వల్లాంటివి నూరిన తెల్లపొడి కలుపుతారు, దూదిలా ఉంటుంది. చివర వెనకవైపు మనకి కనపడేది ఉద కాగితం, ఇదీ యోషినోదే, అక్కడి తెల్ల బంకమట్టి కలిపి చేస్తారు, ఆ మట్టి వల్ల తేమకి ఎక్కువ సాగదు ముడుచుకోదు. ఈ రెండిటికీ పాత జిగురే.

సరే పట్టే లేని జిగురు ఎలా అంటుకుంటుంది అని మీరు అడగకపోయినా చెప్తాను, నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది అదే. కొడతారండి. ఉచిబకె అని ఒక కుంచె ఉంటుంది, కుంచె అనడం కన్నా చిన్న రోకలి అనాలి, దట్టంగా గట్టి పీచు బిగించి కట్టి ఉంటుంది, బరువు. కాగితం తడిగా ఉండగానే దాన్ని నిటారుగా పట్టుకుని వెనకవైపు ధబ్ ధబ్ ధబ్ అని ఒక మూల నించి ఇంకో మూలకి వరస తప్పకుండా కొట్టుకుంటూ పోవాలి. ఆ దెబ్బలకి పై కాగితం పీచు కింది కాగితం పీచులోకి దిగి పట్టుకుంటుంది, అంటే సగం పని జిగురుది సగం దెబ్బలది. ఎక్కువ కొడితే బొమ్మ దెబ్బతింటుంది, తక్కువైతే ఏడాదికి పొరలు విడిపోతాయి. నాకు పాత పేపర్ల మీద కొట్టడానికే ఆరునెలలు పట్టింది, చెయ్యి కాదు మోచెయ్యి పోతుంది. పాత పటం దొరికితే వెనక్కి తిప్పి ఏటవాలుగా వెలుతురు పడేలా చూడండి, ఆ కుంచె దెబ్బలు చిన్న చిన్న గుంటల్లాగా కనిపిస్తే అది చేత్తో కట్టిందే.

ఇంకోటి, కాగితాలు అతికే చోట గీత కనపడకూడదు కదా, అందుకని కత్తితో కొయ్యరు. కొలతపెట్టి నీళ్ళతో ఒక గీత గీసి, అది పీల్చుకున్నాక రెండు చేతులతో నెమ్మదిగా లాగుతారు, అప్పుడు అంచంతా కొత్త తువాలు కుచ్చుల్లాగా పీచు పీచుగా వస్తుంది, ఆ పీచు మీద ఈ పీచు పడేలా అతికిస్తే అతుకు ఉన్నట్టే తెలీదు.

నెలలెందుకంటే ఆరబెట్టడం వల్ల. కరిబరి అని పెద్ద తలుపుల్లాంటి పలకలుంటాయి, లోపల చెక్క చట్రం, దానిమీద పొరలు పొరలుగా కాగితం, పైన పులియబెట్టిన పచ్చికాయల రసం పూత, మనం పెర్సిమన్ అంటున్నామే ఆ కాయ. తడి పటాన్ని అంచులకి మాత్రమే జిగురు రాసి దానికి అంటిస్తారు, ఆరుతున్నకొద్దీ అది డప్పు తోలులా బిగుసుకుని చదునవుతుంది. వారాల తరబడి, తొందర లేకపోతే నెలల తరబడి అలా ఉంచుతారు, కొన్ని తేమ రోజులూ కొన్ని పొడి రోజులూ దాని మీదుగా వెళ్ళిపోతే ఇంక ఇంటికెళ్ళాక అది కొత్తగా చేసే అల్లరేం ఉండదు. తర్వాత వెనక పల్చగా మైనం రాసి, పెద్ద గాజుపూసల దండ ఒకటి ఉంటుంది, దాంతో గంటలకొద్దీ రుద్దుతారు, చుట్టేటప్పుడు జారేలాగ. ఇంత ఉంది కాబట్టే క్యోటో పటాల పనిని 1997లో ప్రభుత్వం సంప్రదాయ చేతిపనుల్లో చేర్చింది, 2020లో యునెస్కో గుర్తించిన జపాన్ చెక్క కట్టడాల నైపుణ్యాల్లో ఈ పటాలు బాగుచేసే పని కూడా కలిసే ఉంది.

ప్రశ్న: మాది పెడన, ఇంట్లో కలంకారీ అచ్చు పని. చుట్టపటానికి పట్టు బదులు మా బట్ట అంచుగా వాడొచ్చా? వాడితే మరీ చోద్యంగా ఉంటుందా? (పెడన)

జవాబు: చోద్యమా! మీ బట్ట అక్కడికి ఎప్పుడో వెళ్ళొచ్చిందండి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళ ఓడలు మన కోరమండల్ తీరం నించి, అందులో మచిలీపట్నం పెద్ద రేవు, రంగుల అద్దకం బట్టలు తూర్పు దేశాలకి మోసుకెళ్ళేవి, అలా జపాన్ చేరిన మన బట్టలకి వాళ్ళు పెట్టుకున్న పేరు సరసా. వినడానికే బాగుంది కదా. బయటి బట్టల రాక తక్కువ, అందుకని తునకలు కూడా అపురూపం. టీ వేడుకలు చేసేవాళ్ళు వాటితో టీ గిన్నెలకి సంచులు కుట్టించుకునేవాళ్ళు, పటాలకి అంచులుగా కూడా కట్టించుకున్నారు. హికొనె అనే ఊరి ప్రభువులు కూడబెట్టుకున్న తునకలు ఇవాళ టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి, ఎక్కువ భాగం మన దేశపు బట్టలే. అవి చూస్తున్నప్పుడు పక్కనున్నవాళ్ళకి మా ఊరి పక్కదండి ఇది అని చెప్పాలనిపించి నోరు మూసుకున్నా.

కాబట్టి వాడండి, కానీ మూడు నాలుగు సంగతులు. ముందు గంజి మొత్తం పోయేదాకా ఉతకండి, కాస్త గంజి మిగిలినా లైనింగ్ కాగితం సరిగ్గా పట్టదు. తర్వాత తడి చేసి తెల్ల గుడ్డ మీద పెట్టి పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి, గుడ్డకి రంగు దిగితే ఆ బట్ట పనికిరాదు, ఎందుకంటే పటం కట్టేటప్పుడు ప్రతి దశలోనూ తడే. మందం ఇంకో పేచీ. అచ్చు వేసే కాటన్ సాధారణంగా కాగితం కన్నా బాగా మందం, బొమ్మా బట్టా ఒకే మందం, ఒకే మెత్తదనం లేకపోతే చుట్టినప్పుడు అతుకు దగ్గర విరుగుతుంది, అందుకే బొమ్మకి వేరేగా బట్టకి వేరేగా లైనింగ్ వేసి రెండూ సమానం చేసాకే అంగుళంలో పదోవంతు అంచు మీద అంచు పెట్టి అతికిస్తారు. మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా పల్చటి నేత ఏరుకోండి. నిలువు పోగు నిలువుగానే ఉండాలి, ఏటవాలుగా కత్తిరిస్తే పటం మెలి తిరుగుతుంది.

చివరిది నా అభిప్రాయం, తిట్టుకోకండి. బొమ్మకి ఆనుకుని పైనా కిందా సన్నటి జరీ పట్టీలు రెండుంటాయి, ఇచిమొంజి అంటారు, మొత్తం పటంలో ఖరీదైన బట్ట అదే, అదే అందరికన్నా సన్నగా ఉంటుంది. గొప్ప బట్ట కొంచెమే వాడటం వాళ్ళ లెక్క. మీ బట్టలో పెద్ద నెమళ్ళూ చెట్టూ ఉన్న డిజైన్ చుట్టూ వేస్తే నట్టింట్లో పెళ్ళి జరుగుతుంటే ఎవరూ పెళ్ళికూతుర్ని చూడనట్టు ఉంటుంది. చిన్న పువ్వు, నీరుకావి రంగు, అలాంటిది వెతకండి.

ప్రశ్న: పై కర్ర నించి రెండు పట్టీలు ఊరికే వేలాడుతుంటాయి, వాటి పనేంటి? (ఖమ్మం)

జవాబు: ఇప్పుడైతే ఏమీ లేదు, అందం. ఫూతై అంటారు. చైనాలో వీటిని పిచికలాంటి పక్షుల్ని, స్వాలో అంటారే వాటిని, బెదరగొట్టే పట్టీలు అనేవాళ్ళు, గాలికి ఊగుతుంటే పక్షులు వచ్చి బొమ్మ మీద వాలవని. పక్షుల బెడద పోయింది, పట్టీలు ఉండిపోయాయి. అన్ని పటాలకీ ఉండవు కూడా.

ప్రశ్న: మాది జనగామ దిక్కు. మా ఇంట్ల పాత చేర్యాల పటం ఒకటున్నది, చాన ఏండ్ల సంది చుట్టి అటక మీద పెట్టినం. మొన్న ఇప్పితే రంగు పొక్కులు పొక్కులు లేస్తున్నది, ముట్టుకుంటే రాలుతున్నది. మీరు రాసినట్టు జపానోళ్ళ లెక్క ఎనక కాయితం అతికిస్తె ఆగుతదా? (జనగామ)

జవాబు: అన్నా, దయచేసి ఆ పని చెయ్యకండి, ఎవరైనా చేస్తామన్నా చెయ్యనివ్వకండి. రెండూ చుట్టే పటాలే గానీ లోపల కథ వేరు. చేర్యాల పటానికి అడుగున ఖద్దరు గుడ్డ, దానికి బియ్యం గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి రెండు మూడు పూతలు వేసి ఆరబెట్టి, ఆ నేల మీద బొమ్మలు రాస్తారు. మీ పటంలో రాలుతున్నది ఉత్త రంగు కాకపోవచ్చు, రంగుతో పాటు కింది పూత కూడా లేస్తుండొచ్చు. చింతగింజలూ బంకా నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడతాయి. జపాన్ పద్ధతిలో మొదటి పనే పటాన్ని బోర్లించి తడపడం. అక్కడ అది వైద్యం, మీ పటానికి అది వరద.

పైగా ఇది గోడకి వేలాడదియ్యడానికి చేసింది కాదు కదా. కథ చెప్పేవాళ్ళు రాత్రంతా ఒక్కో గడి విప్పుతూ చూపించుకుంటూ పోయే పటం, పొడవు ఒక్కోటి నలభై అడుగుల దాకా ఉంటుంది, దాని బరువుతో దాన్ని నిలువుగా వేలాడదీస్తే పూత పగుళ్ళు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే మళ్ళీ చుట్టకండి. పొక్కులు లేచిన భాగం పైకి ఉండేలా చదునుగా బల్ల మీద పరచండి, మొత్తం పట్టకపోతే ఎంత పడితే అంత, మిగతాది బాగా లావు గొట్టం మీద వదులుగా, జపాన్ వాళ్ళు కూడా రంగు మందంగా ఉన్న పటాలకి కింది కర్ర చుట్టూ లావుపాటి చెక్క డొప్ప తొడిగి చుడతారు, ఫుతోమకి అంటారు, అది మాత్రం మీరు వాళ్ళ దగ్గర నించి నిక్షేపంగా తీసుకోవచ్చు. రాలిన ముక్కలు పారెయ్యకుండా ఏ ముక్క ఎక్కడిదో రాసి కవర్లో పెట్టండి. సెల్లోటేపు, వార్నిష్, ఫెవికాల్ పేరెత్తొద్దు. ఫోన్‌లో ప్రతి గడినీ ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే లాబ్ ఉంది, అక్కడ ఫొటోలు చూపించి ఎవరికి చూపించాలో అడగండి. చేర్యాలలో ఇప్పటికీ రాస్తున్న నకాషీ కుటుంబాలున్నాయి, వాళ్ళని కూడా కలవండి, కానీ కొత్త రంగు మాత్రం వేయించకండి, వాళ్ళ చెయ్యి బాగోక కాదు, మీ పటం రాసిన పాత చెయ్యి కొత్త రంగు కింద కప్పడిపోతుంది.

ప్రశ్న: మాది వైజాగ్, బీచ్‌కి దగ్గర్లో ఫ్లాట్. గిఫ్ట్‌గా వచ్చిన పటాన్ని రెండేళ్ళుగా హాల్లో ఉంచాం, అక్కడక్కడా గోధుమరంగు చుక్కలొచ్చాయి. (విశాఖపట్నం)

జవాబు: రెండేళ్ళు తియ్యకుండా ఉంచారా! ఇది క్యాలెండర్ కాదండి, జపాన్‌లో కొన్నివారాలు ఉంచి దించేస్తారు, ఆకులు రాలేటప్పుడు ఒకటి, మంచుకి ఒకటి, చెర్రీ పూలకి ఒకటి అని మార్చుతుంటారు, మనం బొమ్మలకొలువు బొమ్మలు తీసి మళ్ళీ సర్దేసినట్టు. చుక్కలు బూజు వల్ల అయ్యుండొచ్చు, సముద్రం గాలి తేమ కదా. తుడవకండి, బ్లీచింగ్ సంగతి అసలే వద్దు. ఎండ తగలకుండా నీడలో గాలాడేచోట ఒకటి రెండు రోజులు ఉంచి, శీతాకాలంలో గాలి కాస్త పొడిగా ఉన్న రోజు చూసి చుట్టండి, వాన రోజు చుట్టారంటే తేమని కూడా లోపలేసి మూట కట్టినట్టే. చుట్టేటప్పుడు బిగించకూడదు, తాడు కింద ఒక కాగితం మడత పెట్టాలి. వాళ్ళు వాడే పౌలోనియా చెక్క పెట్టె దొరక్కపోతే మామూలు అట్టపెట్టెలో శుభ్రమైన పాత నూలుగుడ్డ చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, నాఫ్తలీన్ ఉండ పటానికి తగలకూడదు. ఏడాదికి ఒకసారైనా విప్పి గాలి చూపించండి.

ప్రశ్న: కింది కర్ర చివర్ల గుబ్బలు ఎర్రచందనంతో చేస్తారని విన్నాను, నిజమా? (రాజంపేట)

జవాబు: మీ ఊరి నించి ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. ఆ గుబ్బల్ని జికుసకి అంటారు, దంతం, లక్క పూత, పింగాణీ, నల్లటి ఎర్రటి గట్టి చెక్కలు, చవకవాటికి ప్లాస్టిక్, అన్నీ ఉన్నాయి. జపాన్‌లో మన ఎర్రచందనానికి అసలు పేరు తెచ్చింది షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యం, దాని మెడకి అన్నిటికన్నా మేలైన చెక్క ఇదే అంటారు, కోకి అని పిలుస్తారు. శేషాచలం, వెలిగొండల్లో తప్ప పెద్దగా పెరగని చెట్టు, 1995 నించి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. గుబ్బకి కావాలంటే రోజ్‌వుడ్ ముక్క చాలు.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి వీకెండ్ క్లాసులో జపాన్ ఇంక్ పెయింటింగ్ నేర్చుకుంటోంది. తను వేసినవాటికి ఇంట్లోనే వెనక కాగితం వేసి పటం కట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో ఇస్త్రీపెట్టెతో అంటించే రెడీమేడ్ కాగితాలున్నాయి, అవి కొనమంటారా? (డల్లాస్)

జవాబు: ఇస్త్రీ కాగితాలు ప్రాక్టీస్ బొమ్మలకి పర్లేదు, కానీ పదేళ్ళ తర్వాత పాప దాచుకోవాలనుకునే బొమ్మకి వద్దు, అది కూడా మళ్ళీ ఊడే రకం కాదు. ఒక్క పొర లైనింగ్ వరకూ ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు, మొత్తం పటం తర్వాత సంగతి.

ముందు పాప ఏ ఇంక్ వాడుతోందో చూడండి. సిరా కడ్డీని రాయి మీద నీళ్ళతో అరగదీసి వేస్తే, కొన్ని వారాలు ఆరనిస్తే తడిపినా సాధారణంగా కదలదు. సీసా ఇంక్ అయితే జాగ్రత్త. ఎందుకు చెప్తున్నానంటే నేను మొదట కట్టింది నేనే రాసిన ఒక పెద్ద అక్షరం, సీసా ఇంక్‌తో రాసాను, బోర్లించి నీళ్ళు చల్లగానే వెనకనించి బూడిదరంగు మబ్బులా పాకుతూ రావడం చూస్తూ నిలబడిపోయా, ఏం చెయ్యాలో తెలీలేదు. కాబట్టి ఒక మూల తడి దూది అద్ది, తెల్లకాగితం నొక్కి చూసాకే మొదలుపెట్టండి.

గోధుమ స్టార్చ్ ఒక కప్పుకి నాలుగు కప్పుల నీళ్ళు, ముందు కాసేపు నానబెట్టి, సన్న సెగ మీద అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి, తెల్లగా ఉన్నది గాజులా మెరుస్తూ చిక్కబడ్డాక కూడా ఇంకో ఇరవై నిమిషాలు తిప్పండి, చాలామంది ఇక్కడే దించేస్తారు. చల్లారాక సన్న జల్లెడలో రెండుసార్లు వత్తి, వాడేటప్పుడు పాలలాగా పల్చన చేసుకోవాలి. మూడు నాలుగు రోజులకి మించి ఉంచొద్దు. గ్రానైట్ కౌంటర్ మీద బొమ్మని బోర్లించి నీళ్ళు స్ప్రే చేసి మెత్తటి వెడల్పు కుంచెతో మధ్యనించి బయటికి ముడతలు తోసెయ్యండి. లైనింగ్ కాగితం బొమ్మ కన్నా నాలుగువైపులా రెండేసి అంగుళాలు పెద్దదుండాలి, దానికి జిగురు రాసి, ఒక పొడవాటి స్కేలు మీద వేసుకుని ఎత్తి ఒక పక్కనించి దించుతూ కుంచెతో అణుచుకుంటూ రావాలి, ఇది ఇద్దరు చేసే పని, పాపని స్కేలు పట్టుకోమనండి. తర్వాత అంచులకి మాత్రం కాస్త చిక్కటి జిగురు రాసి మొత్తం ఎత్తి నున్నటి తలుపుకో రంగేసిన ప్లైవుడ్‌కో అంటించి, ఒకచోట అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టండి, ఆరాక అక్కడినించే చాకు దూర్చి తియ్యాలి. ఆ సందులోంచి నోటితో కొంచెం గాలి ఊదితే బొమ్మ తలుపుకి అతుక్కోకుండా ఉంటుంది.

ఫ్యాన్ వద్దు, హీటర్ వద్దు. నాది రెండోసారి కట్టింది ఫిబ్రవరిలో, త్వరగా ఆరుతుందని పక్కనే స్టవ్ వెలిగించి భోజనానికెళ్ళా, తిరిగొచ్చేసరికి అక్షరం నడినెత్తి నించి కిందిదాకా చీలిపోయి ఉంది. షాపు పెద్దాయన తిట్టలేదు, తడిపి తియ్యి అన్నాడు. గోధుమ జిగురే కాబట్టి అరగంటలో వెనక కాగితం తొక్కలా వచ్చేసింది. చీలిక వెనక మూడు మిల్లీమీటర్ల పట్టీ వేసి మళ్ళీ కట్టా, ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కిటికీ పక్కనించి వెలుతురు పడితేనే గీత కనపడుతుంది. మీరు ఏప్రిల్‌లో మొదలుపెట్టండి, మీ దగ్గర ఇంట్లో హీటింగ్ ఆపేసాక.